తొమ్మిదో పాక నుంచి క్షేమం

ఒకటో రోజు

పొద్దుటి సైరను కూతకి క్యూలో నలభై ఒక్క వేల ఉత్తరాలు. సాయంత్రం కూతకి నలభై నాలుగు వేలు. అంటే రోజంతా పని చేసి మా టపా గది సర్వరు క్యూని పెంచింది. మనుషుల్లో ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను గాని యంత్రాల్లో ఇదే మొదలు.

ఏడాదికోసారి బదిలీల పది రోజులు వస్తాయి, చంద్రుడి గుంట గట్టు మీదున్న మా ఊరికి వెర్రెత్తుతుంది. గుంటలో మంచు తవ్వేవాడికి పైకి రావాలి. పైన పంపు తిప్పేవాడికి భూమికి పోవాలి. భూమికి పోవాల్సినవాడికి చంద్రుడి మీద ఇంకో ఏడాది ఉండాలి, అక్కడ ఎవరికో మొహం చూపించలేక. పదో రోజు సాయంత్రం కూత వేసేలోగా అర్జీ బదిలీల ఆఫీసుకు చేరాలి. కూత దాటాక చేరిన అర్జీ ముక్కు తుడుచుకోవడానికి కూడా పనికిరాదు, కాగితం కాదు కాబట్టి.

అర్జీ ఒక్కటే అయితే నా సర్వరు నవ్వుతూ మోసేది. ఒక్కొక్కడూ సిఫార్సు కోసం పదిమందికి రాస్తాడు, ఆ పదిమందీ ఏమన్నారో కనుక్కోమని ఇంకో పదిమందికి రాస్తాడు. ప్రతి ఉత్తరానికీ ముందు మళ్ళీ ఒక క్షేమం.

కొత్తగా వచ్చిన ఇంజనీరు రాజలింగం తెర మీద చూసి అడిగాడు.

"ఏంది కాకా, ప్రతిదీ రెండేసి పోతున్నయ్?"

చెప్పాను. ఊరు పెట్టిన తొలి ఏడాది ఒకడికి తల్లి పోయిందని ఉత్తరం వచ్చింది, ముందూ వెనకా ఏమీ లేకుండా. వాడు బయట పనిలో ఉన్నాడు. అది చదివి, కళ్ళు తుడుచుకోవడానికి హెల్మెట్టు తీశాడు. అప్పటి నుంచి పద్ధతి మార్చారు. ముందు 'ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమా' అని ఒక ఉత్తరం పోవాలి. అవతలి మనిషి మీట నొక్కి 'మేమూ క్షేమం' అని బదులివ్వాలి. అప్పుడే అసలు ఉత్తరం కదలాలి. సర్వరుకు కూడా అదే నేర్పారు.

"మనిషి చచ్చిండని చెప్పెటందుకు ముందుగాల అందరం క్షేమమని రాస్తరా?"

"రాస్తారు."

"అబద్ధం కద కాకా?"

"మర్యాద."

సాయంత్రం నా మేనకోడలు అసిరమ్మ వచ్చింది. సొరపాదుల గదిలో పని దానికి, చేతులనిండా పచ్చిమట్టి వాసన. ఈ ఊళ్ళో అంత మంచి వాసన ఇంకోటి లేదు. వాళ్ళ నాన్న కూర్మయ్య నాకు బావ. చనిపోయిన మా చెల్లెలి మొగుడు. గుంట అడుగున తొమ్మిదో పాకలో ఒక్కడే ఉంటాడు.

"మావా, అయ్య అర్జీ పంపించినాను. ఇంకా ఈడే ఉందేటి?"

"అర్జీ ఆడు పంపాలి గానీ నువ్వెందుకు పంపుతావే?"

"నాను రాసి పంపితే ఆయన ఏలిముద్ర ఏసి ఆఫీసుకి పంపాల. పాకలో మిసను మీద ఏస్తేనే సెల్లుతాదట." చేతుల మట్టి దులుపుకుంది. "ఇంకో ఏడాది ఆ మంచుదుమ్ములో ఉంటే మనిసి మిగలడన్నాడు డాట్రు."

గుంటలోకి మాట పోదు, గోడలు మింగేస్తాయి. స్తంభం నుంచి స్తంభానికి గెంతుతూ ఉత్తరమే పోతుంది. మనిషి పోవాలంటే తాడుకి వేలాడే తొట్టి ఎక్కాలి, దిగడానికి ఆరు గంటలు.

"ఇంకా తొమ్మిది రోజులుంది. నా సర్వరు మీద నమ్మకం లేదా?" అన్నాను.

అది తెర మీద నలభై నాలుగు వేలు అన్న అంకె వైపు చూసి వెళ్ళిపోయింది.

మూడో రోజు

క్యూలో యాభై ఎనిమిది వేలు.

సర్వరు లోపల ఉత్తరాలు మోసే పనివాళ్ళు ఇరవై. వాటిని మేము బంట్రోతులు అంటాం. కళ్ళతో ఎవరూ చూడలేదు, టీ తాగడానికి పోరు, కాబట్టి నిజం బంట్రోతులకన్నా నయం. పొద్దున రాజలింగం వచ్చి ఇరవైని రెండు వందలు చేశాడు. చదువుకున్నవాడు కదా అని ఊరుకున్నాను. చదువుకున్నవాడు మొదట చేసే పని ఎప్పుడూ ఒకటే, ఉన్నదాన్ని పది రెట్లు చేయడం.

మధ్యాహ్నానికి గది ఉక్కపోసింది. నాలుగు ఫ్యానులూ ఏడుపు లంకించుకున్నాయి. జల్లెడలకి పట్టిన చంద్రుడి బూడిద తడిగుడ్డతో తుడిచాను, పావుగంటలో మళ్ళీ పట్టింది. ఉత్తరం కదలడం మానేసింది.

"రెండు వందల మందీ ఎక్కడ సచ్చారో సూడు," అన్నాను.

చూశాడు. "నూట డెబ్బై మంది గుంట పాకల గుమ్మాల కాడ నిలబడ్డరు కాకా. పాక మిషను ఒక్కపాలికి ఇద్దర్నే లోపలికి రానిస్తది. కడమోళ్ళని తర్వాత రమ్మంటది. వీళ్ళు అట్ల తిరిగి ఇట్లనే వస్తున్నరు."

"పక్కవీధి ఉత్తరం ఎవడి సేతిలో ఉంది?"

"ఎవ్వని చేతిలో లేదు. అందరు ఆడనే ఉన్నరు."

"పైగా ఏటి రాస్తన్నారు?"

"వచ్చిన, తలుపు కొట్టిన, పొమ్మన్నరు, మళ్ళ వచ్చిన. అడుగడుగుకు డిస్కు మీద రాస్తున్నరు."

"మోసేది తక్కువ, రాసేది ఎక్కువ. నీ బంట్రోతులు ఆఫీసర్లయిపోయారు," అన్నాను.

వాడు నవ్వాడు గాని అంకె తగ్గించలేదు. రేపటిదాకా చూద్దామన్నాడు.

నాలుగో రోజు

రేపు వచ్చింది. అరవై మూడు వేలు. రాజలింగం మొహం చూసి జాలేసింది, కుర్చీలోంచి లేవమన్నాను.

ఈ టపా గది కాపలాదారు కుర్చీకి రాకముందు గుంటలో పన్నెండేళ్ళు మంచు తవ్వాను. అందులో ఏడేళ్ళు తొట్టి దగ్గర మేస్త్రీని. తొట్టి మూతి నాలుగు అడుగులు. అక్కడ ఎనభై మందిని నిలబెడితే ఒక్క మంచుదిమ్మ కూడా లోపలికి పోదు, మోచేతులే పోతాయి. ఇద్దరిని నిలబెట్టి మిగతావాళ్ళని ఇంకో పనికి తోలితే గంటలో తొట్టి నిండుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. రెండు వేళ్ళు నలిగాక తెలిసింది.

చేయాల్సింది నేను చెప్పాను, వాడు మిషనులో పెట్టాడు. బంట్రోతులు మళ్ళీ ఇరవై. ఒక గుమ్మం దగ్గర ఇద్దరికి మించి ఉండకూడదు. తర్వాత రమ్మంటే అయిదు నిమిషాలు ఆగి పోవాలి, మళ్ళీ రమ్మంటే పది, ఆ తరవాత ఇరవై. ఆ ఆగే ఉత్తరాలు పక్కన వేరే అరలో కూర్చోవాలి, పోయేవాళ్ళ దారికి అడ్డం పడకూడదు. ఉత్తరం చేరాక ఒక్కసారి రాస్తే చాలు, దారిలో ఆత్మకథ అక్కర్లేదు.

సాయంత్రానికి నలభై ఏడు వేలు. ఫ్యానులు ఏడుపు మాని గొణుగుతున్నాయి.

"ఇది పుస్తకంల ఉన్నదే కాకా," అన్నాడు రాజలింగం.

"మరి పుస్తకం నిన్న ఎక్కడికెళ్ళింది?"

ఆరో రోజు

క్యూలో ఇరవై రెండు వేలు. అక్కడే ఆగింది. నిన్న సాయంత్రం నుంచి అటూ ఇటూ కదలడం లేదు.

అసిరమ్మ పొద్దునా వచ్చింది, మధ్యాహ్నమూ వచ్చింది. అది పంపిన క్షేమం తొమ్మిదో పాకకు చేరి రోజు దాటింది, కూర్మయ్య ఇంకా మీట నొక్కలేదు. మీట నొక్కితే గాని అర్జీ దిగదు. గుంటలో ఎవడూ ఉత్తరం వచ్చిందని పలుగు పడేసి పరిగెత్తడు. తవ్వకం అయ్యాక, కాళ్ళు కాచుకున్నాక, బుద్ధి పుడితే నొక్కుతాడు. క్యూలో మిగిలిన ఇరవై రెండు వేలూ ఇలా ఎవడి బొటనవేలి కోసమో ఆగినవే.

"మిషనుది అయిపాయె కాకా. ఇగ మనుషులదే ఆలస్యం," అన్నాడు రాజలింగం. "మనుషులకు సెట్టింగు లేదు."

అప్పుడు వచ్చింది నాకు ఆలోచన. చాలా గొప్పగా అనిపించింది, అది కూడా రాస్తున్నాను.

"అవతలోడు నొక్కితే ఏటొస్తాది?"

"మేమూ క్షేమం అని వస్తది."

"ఎవడు నొక్కినా?"

"ఎవ్వలు నొక్కినా."

"అయితే ఆ మాట అక్కడి నుంచి రావడమెందుకు? మన సర్వరే ఇక్కడ సెప్పీదా. క్షేమం రాగానే 'మేమూ క్షేమం' అని అవతలోడి పేరుతో బదులిచ్చీసి, అసలు ఉత్తరం తోలీడమే."

వాడు నోట్లో పెన్ను పెట్టుకుని ఆలోచించాడు. "ఆ మనిషి నొక్కలే కద కాకా."

"నొక్కితే మాత్రం ఏరే మాట వస్తాదా?"

"ఎవరికన్న చెప్పాల్నా?"

"సెప్తే మీటింగు పెడతారు."

పెట్టాడు. రెండు నిమిషాల పని.

ఏడో రోజు

క్యూలో ఉత్తరాలు లేవు. సున్నా. పొద్దున లేచి చూసి, గుడ్డతో తెర తుడిచి మళ్ళీ చూశాను. సున్నాయే.

ఊరంతా నా పేరే. బదిలీల ఆఫీసులో రోజంతా కూర్చుని మీట నొక్కే గుమాస్తా వాచిన బొటనవేలితో వచ్చి దండం పెట్టాడు. ఏం చేశావు తాతా అని అడిగినవాళ్ళకి అనుభవం అని చెప్పాను. ఎలా చేశానో మాత్రం చెప్పలేదు.

అసిరమ్మ అర్జీ తొమ్మిదో పాకకు దిగింది. ఎదురుగా, క్షేమానికి బదులు వచ్చిందనే ఆకుపచ్చ చుక్క పడింది. ఆ చుక్క చూసి అసిరమ్మ హమ్మయ్య అంటూ గుమ్మంలోనే కూర్చుంది. దాని సొరకాయ ఒకటి నా బల్ల మీద పెట్టింది. ఇక కూర్మయ్య వేలిముద్ర వేసి పంపడమే తరువాయి.

తొమ్మిదో రోజు

సున్నా. కూర్మయ్య అర్జీ రాలేదు.

మనిషికి బద్ధకం ఉండొచ్చు గాని చావు మీదికి వచ్చినప్పుడు కూడా ఉండాలా? నేనే రాశాను. 'ఒరే బావా, రేపు సాయంత్రం ఆఖరు, వేలు తీసి మిషను మీద పెట్టు, ఆ మాత్రం చేతకాదా' అని. ఆకుపచ్చ చుక్క తక్షణం పడింది. ఇంకా కోపం వచ్చింది. క్షేమంగా ఉండి కూడా పంపడం లేదన్నమాట. ఇంకో నాలుగు తిట్లు రాశాను. నాలుగింటికీ చుక్కలు పడ్డాయి. మొత్తం మీద నాకు అలవాటైన బావే.

పదో రోజు

ఇది పదకొండో రోజు పొద్దున ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. నిన్న రాయడానికి వీలు కాలేదు.

నిన్న మధ్యాహ్నం అన్నం తింటుండగా అసిరమ్మ వచ్చింది. పరిగెత్తినట్టుంది.

"మావా, మా అయ్య బదులు ఇప్పి సదివినాను. ఇన్నాళ్ళూ సుక్క సూసి ఊరుకున్నాను. 'మేమూ క్షేమం' అనుంది."

"మరేటుండాలి?"

"ఆయన మిసనుకి మీటతో పాటు సేతితో బదులు రాసీది కూడా ఉంది కదా. మా అమ్మ పోయింతర్వాత మా అయ్య ఒక్కపాలి కూడా క్షేమమని నొక్కలేదు. 'నీకెందుకే, నీ పాదులు సూసుకో' అని రాస్తాడు. ఎప్పుడూ అదే. ఇది మా అయ్య రాసింది కాదు మావా. ఎవులు రాసినారు?"

నేనే అని చెప్పాను. నోట్లో ముద్ద ఉండగానే చెప్పాను, లేకపోతే చెప్పలేకపోయేవాణ్ణి.

అది అరవలేదు. అరిస్తే బాగుండేది. "అయితే మా అయ్య ఎలాగున్నాడు?" అని అడిగింది.

రాజలింగం అప్పటికే వెతుకుతున్నాడు. ఇక్కడి నుంచి మేము బదులిస్తున్నా పాకల్లో మనుషులు అలవాటు కొద్దీ మీట నొక్కుతూనే ఉన్నారు. అలా రెండోసారి వచ్చిన బదుళ్ళని సర్వరు చెత్తబుట్టలో పారేస్తోంది. ఆ బుట్ట కుమ్మరించి చూశాడు. గుంటలోని అరవై పాకల్లో యాభై తొమ్మిదింటి బదుళ్ళూ అందులో ఉన్నాయి. తొమ్మిదో పాకది లేదు. ఆ పాక నుంచి చివరి మాట వచ్చింది అయిదో రోజు పొద్దున. ఆ తరవాత తొమ్మిదో పాక క్షేమమని పదకొండు సార్లు చెప్పాం. పదకొండు సార్లూ నేనే.

సాయంత్రం కూతకి అయిదు గంటలుంది. తొట్టి దిగడానికి ఆరు. ముగ్గురం ఎక్కాం. ఇంకా గంట దారి ఉండగా కూత వినిపించింది, తాడు వెంట సన్నగా వణుకుతూ వచ్చింది. అసిరమ్మ తల దించుకుని హెల్మెట్టు గాజుని మోకాలికి ఆనించింది.

కూర్మయ్య మంచానికీ పొయ్యికీ మధ్య నేల మీద ఉన్నాడు. మంచం దిగుతూ పడ్డాడు, తుంటి విరిగింది. కారుతున్న గొట్టం కింద గిన్నె పెట్టుకుని నీళ్ళు తాగుతూ, కంబళి లాక్కుని కప్పుకుని అయిదు రోజులున్నాడు. కూతుర్ని చూసి చేయి ఎత్తాడు. నన్ను చూసి దించాడు.

"ఇన్నాళ్ళేటిరా?" అన్నాడు.

నేను పక్కన కూర్చుని కంబళి సరిచేశాను.

"మిసను మోగుతానే ఉంది. క్షేమమా, క్షేమమా అని. సేతికందలేదు. అందకపోతే ఏటిలే, రోజు దాటితే తొట్టి దిగుతాది కదా అనుకున్నాను. మొన్నా అలాగే అనుకున్నాను. నిన్నా అలాగే అనుకున్నాను."

రోజు దాటినా బదులు రాకపోతే తొట్టి దిగాలి. క్షేమం పెట్టిన నాడే ఆ నియమమూ పెట్టారు. బదులు రావడం లేదని టపా గది చెప్తేనే తొట్టి కదులుతుంది. గుంటలో ఉన్న పన్నెండేళ్ళూ నేను ఆ ధీమాతోనే నిద్రపోయాను. కుర్చీలో కూర్చుని ముప్పై ఏళ్ళు దాన్ని మర్యాద అనుకున్నాను. ఆరో రోజు మధ్యాహ్నం రోజు దాటిందని అసిరమ్మ చెప్పినప్పుడే తొట్టి పంపాల్సింది. అప్పుడు నేను గొప్ప ఆలోచన చేస్తున్నాను.

అర్జీ మీద అక్కడే వేలిముద్ర వేయించి పంపింది అసిరమ్మ. మేము కూర్మయ్యని తొట్టిలో కట్టేలోపే తిరిగి వచ్చింది. 'గడువు దాటింది, గంటా నలభై నిమిషాలు.' క్యూ లేదు కదా, బాగా త్వరగా వచ్చింది.

పన్నెండో రోజు

డాక్టరు తుంటి కట్టాడు. ఊపిరితిత్తుల మాట అడిగితే, ఇంకోసారి గుంటలోకి పంపితే ఈసారి తొట్టి శవం కోసమే దిగాలన్నాడు. ఎముక అతుక్కోగానే ఎవరి చోటుకి వాళ్ళని పంపేయడం ఆసుపత్రి నియమం. కూర్మయ్య చోటు తొమ్మిదో పాక.

బదిలీల ఆఫీసరు ప్రమీలారాణి గారి దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆవిడ చివరిదాకా విన్నారు.

"గడువు మార్చే అధికారం నాకు లేదండి. ఒక్క దారి ఉంది. ఆలస్యం టపా గది తప్పు వల్ల జరిగిందని కాపలాదారు స్వయంగా గది పుస్తకంలో రాస్తే, అర్జీ గడువులో అందినట్టే లెక్క. బదిలీ ఇచ్చేస్తాను. కానీ అది మనిషి ప్రాణం మీదికి తెచ్చిన తప్పయితే, ఆ కాపలాదారు కుర్చీ దిగాలి. ఖాళీ అయిన పాకలో ఏడాది పని చేయాలి."

"నడిమి స్తంభం పడిపోయిందని రాస్తే?" అన్నాడు రాజలింగం. మంచివాడు, నా మొహం చూడకుండా అన్నాడు.

"అప్పుడది ఎవరి తప్పూ కాదు. గడువు మారదు."

బయటికి వచ్చాక వాడు నా చేయి పట్టుకున్నాడు. "కాకా, సెట్టింగు పెట్టింది నేను. నా పేరు రాయి."

"కాపలాదారువా నువ్వు?"

"కాదు."

"మరి నోరుముయ్యి."

కూర్మయ్యకి అసిరమ్మ చెప్పేసింది. నేను వెళ్ళేసరికి మంచం మీద రగిలిపోతున్నాడు.

"నాకోసం నువ్వేటీ రాయక్కర్లేదు. డెబ్బై ఒక్క ఏళ్ళున్నాయి నీకు. గుంటలో ఏటి తవ్వుతావు, నీ గొయ్యా?"

"నీకన్నా బాగానే తవ్వేవోణ్ణి."

"ఎప్పుడు? నువ్వు మేస్త్రీవి. అరిసీవోడివి, తవ్వీది మేము."

"సూడు బావా. క్యూ సున్నా సేసింది నేనే అని ఊరంతా సెప్పుకున్నాను. సొరకాయ కూడా తిన్నాను. మరి నిన్ను నేల మీద అయిదు రోజులు పడీసింది ఇంకెవడో అని ఎలా సెప్తాను? రెండూ ఒక్క సెట్టింగే."

వాడు గోడవైపు తిరగబోయాడు. తుంటి తిరగనివ్వలేదు. అలాగే పడుకుని, "గొట్టం కారుతాది. గిన్నె అక్కడే ఉంచు," అన్నాడు.

పదమూడో రోజు

క్యూలో పద్దెనిమిది వందలు. క్షేమాలు మళ్ళీ మనుషులే చెప్తున్నారు, అందుకని.

రాజలింగానికి అప్పగింత: బంట్రోతులు ఇరవై. గుమ్మానికి ఇద్దరు. అయిదు, పది, ఇరవై నిమిషాలు. జల్లెడలు పూటకోసారి తుడువు, తడిగుడ్డ బాగా పిండి. ఇదంతా నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో, నాకన్నా బాగా చేస్తావు. క్షేమం మాత్రం ముట్టుకోకు. దానికి ఎంత ఆలస్యమైతే అంత ఆలస్యం. రోజు దాటిన పాక పేరు తెర మీద ఎర్రగా కనిపించేలా ఇవాళ పెట్టించాను. ఎర్రగా కనిపిస్తే ఆలోచించకు, తొట్టి పంపు.

తప్పు: తొమ్మిదో పాక పొట్నూరు కూర్మయ్య పేరుతో అతను చెప్పని క్షేమం పదకొండు సార్లు చెప్పడమైనది. అందువల్ల తొట్టి దిగలేదు. అందువల్ల అర్జీ ఆలస్యం. ఎవరినీ అడగకుండా ఈ పని చేయించినవాడు టపా గది కాపలాదారు గేదెల దాలయ్య. స్తంభాలన్నీ బాగానే ఉన్నాయి.

పుస్తకం తీసుకెళ్ళి ప్రమీలారాణి గారి బల్ల మీద పెట్టాను. రెండుసార్లు చదివారు.

"బాగా ఆలోచించుకున్నారా? సీలు వేశాక కొట్టేయడం కుదరదండి. రేపు పొద్దుటి తొట్టికే మీరు దిగాలి."

నా వెనక గుమ్మంలో పదిహేను మంది దాకా మూగి ఉన్నారు, ఒకడు అప్పుడే నా భుజం మీంచి తొంగి చూస్తున్నాడు.

"సీలు వెయ్యండమ్మా," అన్నాను. "గుమ్మం దగ్గర ఇద్దరికి మించి నిలబడకూడదు."

వేశారు.